గట్టు వరస

"విత్తనాల కొట్టుకి మన తాళం మీద అధికారులు వాళ్ల తాళం వేశారమ్మీ. పైన లక్క ముద్ర కూడా కొట్టారు," అన్నాడు అమన్, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి.

ఖాసింబీ తల ఎత్తలేదు. తెల్లవారినప్పటి నుంచీ ఆమె వరండాలో విత్తనాల డబ్బా పక్కన పీట వేసుకుని కూర్చుంది. చెయ్యి డబ్బా మూత మీదే ఉంది. పొయ్యి వెలగలేదు. భర్త బడే మియా కాలం చేసిన తర్వాత, భవానీపురంలోని ఆ ఇంట్లో ఖాసింబీ వంటింట్లో అడుగు పెట్టని మొదటి ఉదయం ఇదే.

"వన్ టౌన్ అంతా చూసిందా?" అని అడిగింది.

"చూడకుండా ఎందుకుంటుంది? పక్క కొట్టువాళ్లు నాకు కుర్చీ వేసి మంచినీళ్లు కూడా ఇచ్చారు. చావింట్లో మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు."

అఫ్సానా వంటింటి గుమ్మానికి ఆనుకుని వింటోంది. అమన్ ఆమె వైపు చూడలేదు. కొన్నాళ్లుగా అతడు భార్యతో ఆడవలసిన మాటలన్నీ గోడతోనో ఫోనుతోనో ఆడుతున్నాడు.

అతని కోపానికి కారణం ఉంది. అఫ్సానా పంటల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. జన్యుమార్పిడి చేసిన పైరును గుర్తించే పరీక్ష ఆమె పని. అందులో పోల్చి చూడడానికి ఏ మార్పూ లేని నాటు రకం ఒకటి కావాలి. ఆమె ఆలోచించకుండా అత్తగారి డబ్బాలోంచి చిటికెడు గింజలు తీసుకువెళ్లింది. మూడు తరాలుగా ఇంట్లో కాపాడుకొస్తున్న, 'బడే మియా వంగ' అని జనం అడిగి కొనుక్కునే విత్తనం అది. అంతకంటె స్వచ్ఛమైనది ఆమెకు తెలియదు. నాటు రకానికి నమూనాగా తీసుకువెళ్లిన ఆ గింజలోనే పురుగును చంపే జన్యువు, వంగలో ఇంకా ప్రభుత్వ అనుమతి లేనిది, కనిపించింది. ఆమె రెండోసారి చూసింది. మళ్లీ కనిపించింది. చూసినదాన్ని పైవాళ్లకు చెప్పింది.

మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. అఫ్రాజ్ వచ్చాడు. ఇంటికి పెద్దకొడుకు. గన్నవరంలో తల్లి పేరు మీద ఉన్న పొలం వ్యవహారాలన్నీ అతనివే.

"ఏమ్మా సైంటిస్టూ, కడుపు నిండిందా?" అన్నాడు మరదలితో. "పరాయివాళ్లు పట్టిస్తే పగబట్టారనుకుంటాం. ఇంటి కోడలే ఇంటి గింజని పట్టిస్తే దాన్నేమనుకోవాలి?"

"గింజలో ఉన్నది చెప్పాను భాయ్. లేనిది కల్పించలేదు."

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నీకు మన డబ్బానే దొరికిందా? ఊళ్లో ఇంకెవరికీ వంగ విత్తనాలు లేవా?"

"మన డబ్బా మీద నాకున్న నమ్మకం ఇంకే డబ్బా మీదా లేదు."

ఆ మాటకు ఖాసింబీ మొదటిసారి కోడలి వైపు చూసి, మళ్లీ చూపు దించుకుంది.

అఫ్రాజ్ తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "అమ్మీ, నేను కనుక్కున్నాను. మధ్యాహ్నం అధికారులు రత్తయ్య తోట పీకించడానికి వస్తున్నారు. మనకి విత్తనం పండించి ఇచ్చేది రత్తయ్య. గింజలో తేడా వచ్చిందంటే, అతను దొంగ నారు ఎక్కడో తెచ్చి కలిపాడనేగా అర్థం? ఆ ఒక్క మాట నువ్వు చెప్పు. పంచనామాలో రాసుకుంటారు. వారం తిరక్కుండా కొట్టు తెరుస్తారు."

"రత్తయ్య కలిపాడా?" అంది ఖాసింబీ.

"కలపకపోతే ఎలా వచ్చింది?"

"అదే నేనూ అడుగుతున్నాను," అంది అఫ్సానా. "అతని తోట పక్కనే మన పొలం. పోయినేడు దాన్ని మీరు ఒక విత్తనాల కంపెనీకి కౌలుకిచ్చారు. అందులో వాళ్లు వేసింది ఏమిటి భాయ్?"

"వంగ. మామూలు హైబ్రిడ్. కాగితంలో అదే ఉంది."

"కాగితంలో ఉన్నది సరే. పొలంలో ఉన్నది?"

అఫ్రాజ్ లేచి గేటు వైపు చూశాడు. అమన్ చెప్పులు విప్పి, వాటిని గోడవారగా జతగా సర్ది, అవసరం లేకపోయినా మళ్లీ సర్దాడు.

అంతలో గేటు తోసుకుంటూ వచ్చింది మాణిక్యమ్మ, రత్తయ్య భార్య. చంకలో వంకాయల బుట్ట ఉంది. దాన్ని తెచ్చి ఖాసింబీ ముందు దించింది.

"తీసుకో వదినా. పీకేముందు ఆఖరి కోత. మందు కొట్టి మూడ్రోజులైంది, కడుక్కుని వండుకో. తింటే చస్తారంటున్నారుగా, మేం రాత్రి తిన్నాం. ఇదుగో, ఆటోకి డబ్బులిచ్చి మరీ బతికొచ్చాను."

"లోపలికి రా మాణిక్యం. టీ తాగు."

"ఇవాళ నీ ఇంట్లో టీ తాగను. రేపు మీ అబ్బాయి ఆ టీలో కూడా నేనే ఏదో కలిపానంటాడు." ఆమె అఫ్రాజ్ వైపు తిరిగింది. "ఏం బాబూ, మాట్లాడవే? మా ఆయన పేకాడతాడు. వడ్డీకి తెచ్చిన సంగతి నా దగ్గర దాస్తాడు. ఆయన్ని తిట్టాలంటే నాకు నీకంటె ఎక్కువ మాటలొచ్చు. కానీ మీ అమ్మ ఇచ్చిన గింజ తప్ప ఆ మడిలో ఇంకో గింజ పడలేదు. పడితే నా కళ్లు పోవాలి."

"అత్తా, నేనేం అన్లేదు..."

"అన్లేదు. అనిపించబోతున్నావు. ఊళ్లో అందరికీ తెలిసింది, నాకు తెలీదా? దొంగ విత్తనమోడని ఒకసారి రాసుకున్నాక ఏ కొట్టువాడు మాకు పంట పని ఇస్తాడు? తోట పోతే ఇంకో తోట వేస్తాం. పేరు పోతే ఏం వేస్తాం?"

ఖాసింబీ డబ్బా మీది చెయ్యి తీసి, బుట్టలోంచి ఒక వంకాయ ఎత్తి చూసింది. లేత ఆకుపచ్చ మీద తెల్లటి చారలు, తొడిమ మీద ముళ్లు. ఏటా మాణిక్యమ్మా ఆమే ఎదురెదురుగా కూర్చుని ఇవే కాయలు పండినాక చిదిమి, గింజ కడిగి, బూడిద పట్టించి ఆరబెట్టేవారు. మొగుళ్ల మీద, కోడళ్ల మీద చెప్పుకోవలసినవన్నీ ఆ బూడిద చేతులతోనే చెప్పుకునేవారు.

"నేను పొలానికి వస్తాను," అంది ఖాసింబీ లేస్తూ. "పీకేముందు మొక్కల్ని ఒకసారి చూస్తాను."

"నువ్వెందుకమ్మీ ఎండలో?" అన్నాడు అఫ్రాజ్.

"గింజ నాది కనక."

అఫ్రాజ్ ఫోను తీసి చూసుకుంటూ బయటికి నడిచాడు. మోటారు సైకిలు వెళ్లిన చప్పుడు మలుపు దాకా వినిపించింది.

దుర్గాప్రసాద్ కారు వచ్చేసరికి మాణిక్యమ్మ బస్సు ఎక్కడానికి వెళ్లిపోయింది. ఆయన అఫ్సానాకు పై అధికారి. చదువుకునే రోజుల్లో గురువు. గన్నవరం తనిఖీకి శాస్త్రజ్ఞుడిగా ఆయన్నే వేశారు. అఫ్సానా ముందు కూర్చుంది. ఖాసింబీ వెనక కూర్చుని కొంగు తలమీదికి లాక్కుంది. కారు కనకదుర్గ ఫ్లైఓవర్ దాటి బెంజి సర్కిల్ చేరింది.

"అమ్మా అఫ్సానా, ఇవాళ నువ్వు ఒక్కటే చెప్పు," అన్నాడు దుర్గాప్రసాద్. "గింజలో ఆ జన్యువు ఉంది. అంతవరకు నీ పరీక్ష నిలబడుతుంది. ఎలా వచ్చిందన్నది మాత్రం ముట్టుకోకు."

"ఎలా వచ్చిందో చెప్పకపోతే రత్తయ్య కలిపాడనే రాసుకుంటారు సార్."

"అది వాళ్ల పని. మన పని శాస్త్రం. వంగ చాలావరకు తన పువ్వుతో తానే కాయ కట్టే పైరు. పక్క చేలోంచి పుప్పొడి వచ్చి పడడం తక్కువ. దూరం పెరిగినకొద్దీ ఇంకా తక్కువ."

"తక్కువ అన్నారు గాని, లేదు అనలేదు మీరు. వంగపువ్వు మీద తుమ్మెద వాలి రెక్కలు అదిలిస్తే పుప్పొడి దుమ్ములా రాలుతుంది. అది వంటికి అంటించుకుని గట్టు దాటడానికి తుమ్మెదకి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

దుర్గాప్రసాద్ నవ్వాడు. నవ్వులో కోపం లేదు. "నేను నేర్పిన పాఠమే నాకు చెబుతున్నావు. సరే, దాటిందనే అనుకో. దాటితే వచ్చిన నష్టం ఏమిటి? రత్తయ్య చేతులు చూశావా? కాయ తొలిచే పురుగు కోసం వారానికి రెండుసార్లు మందు కొట్టీ కొట్టీ గోళ్లు పచ్చబడ్డాయి. ఆ జన్యువు ఉన్న మొక్కకి అంత మందు అక్కర్లేదు. నువ్వు స్వచ్ఛత అంటున్నావు. నేను ఆ చేతులు చూసి మాట్లాడుతున్నాను."

"ఆ జన్యువు విషమని నేనెప్పుడూ అనలేదు సార్. రేపు అన్నీ పరీక్షించి, అందరికీ చెప్పి, రైతు కావాలని వేసుకుంటే నేనూ మీ పక్కనే నిలబడతాను. కానీ ఇది అడక్కుండా వచ్చింది. వచ్చినందుకు శిక్ష ఎవరి చేలోకి వచ్చిందో వాళ్లకి పడుతోంది. పంపినవాళ్ల పేరు ఎవరూ ఎత్తడం లేదు."

"అది న్యాయం. శాస్త్రం కాదు."

"రెండూ ఒకే కారులో వెళుతున్నాయిగా సార్ ఇవాళ."

రామవరప్పాడు దాటారు.

"నీ వాదానికి ఆధారం?"

"గింజలో ఉంది. మొక్కల ఆకుల్లో లేదు. రత్తయ్య దొంగ నారు నాటి ఉంటే ఆకులోనూ ఉండాలి. తల్లిలో లేనిది బిడ్డలో కనిపించిందంటే అది తండ్రి వైపు నుంచి వచ్చినట్టే. అంటే పుప్పొడి."

వెనక నుంచి ఖాసింబీ గొంతు సవరించుకుంది. "మా ఇంటి వంగకి తండ్రి ఎవరో తేల్చడానికి ఇద్దరు ఆఫీసర్లు, ఒక కారు. బడే మియా వింటే నవ్వి చచ్చేవాడు."

దుర్గాప్రసాద్ నవ్వాపుకుని, మళ్లీ గంభీరంగా అడిగాడు. "ఏ మొక్కల ఆకులు తీసుకున్నావు?"

"తోట మధ్యలోంచి. అక్కడక్కడా, వరస తప్పించి. గట్టు వెంబడి వరసలు వదిలేశాను. అదే కదా పద్ధతి."

ఆ పద్ధతి ఆమెకు చదువుతోపాటు అబ్బింది. ఏ ప్రయోగంలోనైనా అంచు వరసలను లెక్కలోకి తీసుకోరు. వాటికి ఎండ ఎక్కువ, గాలి ఎక్కువ, పక్క చేను ప్రభావం ఎక్కువ. వాటిని చూసి తోటంతటినీ అంచనా కట్టకూడదని నేర్పుతారు. ఆమె నేర్చుకున్నది పాటించింది.

"గట్టు వరస వదిలేశావా?" అంది ఖాసింబీ.

"అవునమ్మీ."

"విత్తనం అక్కడిదే కదే!"

అఫ్సానా సీటులో వెనక్కి తిరిగింది.

"లోపలి కాయలు రోజూ మార్కెట్టుకి కోస్తారు," అంది ఖాసింబీ. "ఒక్కటీ పండేదాకా ఆగదు. అందుకని తూర్పు గట్టు మీది వరస విత్తనానికి వదులుతాం. ఎండ బాగా తగులుతుంది, కాయ నిండుగా పండుతుంది. మీ మామ ఉన్నప్పటి నుంచీ అంతే. మంచి మొక్కల్ని నేనే ఏరి గుడ్డపేలిక కడతాను. నేను కట్టిన చెట్టు మీద కోతవాళ్లు చెయ్యి వెయ్యరు."

తూర్పు గట్టుకు అవతల ఉన్నది కంపెనీకి కౌలుకిచ్చిన పొలం.

ముగ్గురికీ అర్థమైంది. మొదట మాట్లాడినది దుర్గాప్రసాద్. "అంటే నీ గింజలు ఒక చోటివి, నీ ఆకులు ఇంకో చోటివి. ఆ గట్టు వరస ఆకులు చూడకుండా రత్తయ్య నిర్దోషి అని నువ్వు చెప్పలేవు. ఆ ఆకులోనూ ఆ జన్యువు ఉంటే, అతను అక్కడ దొంగ నారు నాటాడని నేనే సంతకం పెట్టాలి."

"లేకపోతే?"

ఆయన కారును పొలం దారి పట్టించాడు. వెనక సీటులో ఖాసింబీ కొంగును ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఏళ్ల తరబడి తాను గర్వంగా కట్టిన ముడులు పోయినేడు ఏ చేను పక్కన కట్టిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

పొలం దగ్గర జీపు ముందే వచ్చి ఉంది. వ్యవసాయాధికారి ఎలీషా గారు అట్ట మీద కాగితాలు పెట్టుకుని రాసుకుంటున్నారు. పక్కన కూలీలు పలుగులతో గట్టు మీద కూర్చున్నారు. రత్తయ్య చేతులు కట్టుకుని తోట ముందు నిలబడ్డాడు. మాణిక్యమ్మ ఇంకా చేరలేదు. అఫ్రాజ్ మోటారు సైకిలు చెట్టు నీడలో ఉంది.

అఫ్సానా కారు దిగి మొదట తూర్పు వైపు చూసింది. గట్టు అవతల పంట లేదు. నిన్నటిదాకా ఉన్న వంగ మొక్కలు వేళ్లతో సహా మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. దున్నిన చాళ్లలో తడి ఇంకా ఆరలేదు. కొంగలు పురుగుల కోసం ఏరుకుంటున్నాయి.

"పొద్దున ట్రాక్టరు వచ్చింది," అన్నాడు రత్తయ్య ఎవరినీ చూడకుండా.

"కౌలు గడువు తీరింది. ఖాళీ చేశారు," అన్నాడు అఫ్రాజ్. "అందులో వింతేముంది?"

ఖాసింబీ కొడుకు మాట వినలేదు. తోట గట్టు పట్టుకుని నెమ్మదిగా నడిచింది. తూర్పు వరసలో మొక్క మొక్కకీ పేలికలు ఉన్నాయి. నీలం గళ్లవి. ఎండకూ వానకూ వెలిసినా గళ్లు తెలుస్తున్నాయి. బడే మియా పాత లుంగీలను చించి ఆమె ఏటా కట్టేది. కొమ్మలు నరికి మళ్లీ చిగురు వేయించిన తోట అది. పోయిన పంటలో డబ్బాలోని గింజను ఇచ్చిన తల్లి మొక్కలు అవే.

"అక్కా," అన్నాడు రత్తయ్య వెనక నుంచి. "నారు నీ ముందే పోశాను. గుర్తుందా?"

"గుర్తుంది రత్తయ్యా."

"అదొక్కటి చెప్పు వాళ్లకి. చాలు."

అఫ్సానా అధికారి దగ్గరికి వెళ్లింది. "పీకేముందు ఈ వరస ఆకులు పరీక్షించాలి సార్. మీ కళ్ల ముందే చేస్తాను."

ఎలీషా గారు దుర్గాప్రసాద్ వైపు చూశారు. దుర్గాప్రసాద్ తల ఊపాడు. "చెయ్యనివ్వండి. చెయ్యాల్సిందే."

ఆమె పేలిక కట్టిన మొక్కల నుంచి ఒక్కొక్క ఆకు తుంచి, విడివిడి గొట్టాల్లో వేసి, ద్రావణం పోసి నూరింది. ఒక్కొక్క దానిలో సన్నని పరీక్ష పట్టీ నిలబెట్టింది. మొదటి గీత పరీక్ష సరిగా జరిగిందని చెబుతుంది. అది ఎప్పుడూ వస్తుంది. దాని కింద రెండో గీత వస్తే ఆకులో ఆ జన్యువు పని చేస్తున్నట్టు. వస్తే రత్తయ్య పోయినట్టు.

కూలీలు కూడా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. రత్తయ్య మాత్రం రాలేదు.

మొదటి గీతలు వచ్చాయి. ఆమె కాచుకుంది. అఫ్రాజ్ ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. కావలసినంత సేపు గడిచింది. ఏ పట్టీ మీదా రెండో గీత రాలేదు. డబ్బాలోంచి తెచ్చుకున్న గింజలను నూరి అలాంటిదే ఇంకో పట్టీ ముంచినప్పుడు రెండు గీతలూ స్పష్టంగా వచ్చాయి.

"తల్లి మొక్కల్లో లేదు," అన్నాడు దుర్గాప్రసాద్. "గింజలో ఉంది. రాసుకోండి ఎలీషా గారూ. ఈ రైతు వేరే నారు నాటలేదు." ఒక క్షణం ఆగి, "మా అఫ్సానా చెప్పిందే సరైనది," అన్నాడు.

రత్తయ్య గట్టు మీద కూలబడి తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. కూలీల్లో ఒకడు పలుగు పక్కన పెట్టి అతనికి బీడీ ఇచ్చాడు.

ఎలీషా గారు రాయడం ఆపి, కలం చివరతో గట్టు అవతలి దున్నిన నేలను చూపించారు. "అయితే పుప్పొడి అక్కడి నుంచి వచ్చి ఉండాలి. ఆ నేల ఎవరిది?"

అఫ్రాజ్ తల్లి ముఖంలోకి చూశాడు. చిన్నప్పుడు తప్పు చేసి ఆమె కొంగు చాటుకు చేరినప్పటి చూపు అది. ఇంత మనిషి అయినా మారలేదు.

ఖాసింబీ వంగి, దగ్గరి మొక్కకున్న ముడి విప్పింది. పేలికను అరచేతిలో చదును చేసింది.

"నాది," అంది. "పట్టా నా పేరు మీద ఉంది. కంపెనీకిచ్చిన కౌలు కాగితం మీద సంతకమూ నాదే. ఈ పేలికలు కట్టిందీ నేనే. రత్తయ్య తప్పేమీ లేదు. రాసుకోండి."

ఎలీషా గారు రాసుకున్నారు. అఫ్రాజ్ నిండుగా ఊపిరి వదిలాడు. అది అఫ్సానాకు వినిపించింది.

అత్తగారు చెప్పిన ప్రతి మాటా నిజం. సంతకం ఆమెదే. కాని ఆ కాగితం ఆమె ముందు పెట్టినదెవరో ఆమె చెప్పలేదు. కంపెనీని వెతికి తెచ్చినదెవరో, వాళ్లు ఏం వేస్తున్నారో తెలిసి ఊరుకున్నదెవరో, ఈ ఉదయం ట్రాక్టరు పంపినదెవరో చెప్పలేదు. రత్తయ్యను విడిపించడానికి ఎంత నిజం కావాలో అంత చెప్పి, కొడుకును దాచడానికి ఎంత కావాలో అంత మిగుల్చుకుంది. కారులో దుర్గాప్రసాద్ తనను చెప్పమన్నదీ ఇలాంటి సగమే. అప్పుడు కాదనడం అఫ్సానాకు కష్టం కాలేదు.

"సంతకం పెట్టండమ్మా," అన్నారు ఎలీషా గారు. ఖాసింబీ పెట్టింది. ఆయన కాగితం అఫ్సానా వైపు తిప్పారు. "పరీక్ష చేసింది మీరు గనక సాక్షిగా మీరూ పెట్టాలి మేడమ్. మీ వైపు నుంచి ఇంకేమైనా చేర్చాలా?"

ఖాసింబీ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆమె అరచేతిలో ఇంకా ఆ నీలం గళ్ల పేలిక ఉంది. అది ఇద్దరి వేళ్ల మధ్యా నలిగింది.

అఫ్సానా ఆరని చాళ్ల వైపు చూసింది. తర్వాత బావగారి వైపు చూసింది.

"చేర్చాలి," అంది.

ఖాసింబీ చెయ్యి బిగియలేదు. వదలనూ లేదు.